మా బొమ్మల క్లాసు ఉయ్యూరు వెళ్లిన రోజు

ఇది డెబ్బైల నాటి ప్రయాణం. ఇందులో రాసిన బస్సు ఛార్జీలూ ఇడ్లీ ధరలూ నమ్మి ఎవరూ జేబులో చిల్లర వేసుకుని బయలుదేరవద్దని ముందే మనవి. దారి మాత్రం అదే. బెజవాడలో బందరు రోడ్డు పట్టుకుని పెనమలూరు, కంకిపాడు దాటితే ఉయ్యూరు. చెవిటి పిల్లలకు బొమ్మలు నేర్పే కుర్ర టీచర్లు కొందరు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అప్పట్లో మీరు పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్లారటగా, మేమూ తీసుకెళ్దామనుకుంటున్నాం, ఎలా వెళ్లారో చెప్పండి మేడమ్" అన్నారు. నోటితో చెబితే సగం మర్చిపోతారని రాసి పెడుతున్నాను.

అప్పుడు నేను భవానీపురంలో ఒక చెవిటి పిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్ని. బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉండేవి. తరగతి గదిలో చేతులు కదపకూడదు, పెదవులు చూసి మాట నేర్చుకోవాలి అన్నది మా బడి పద్ధతి. చేతులు కదిపితే స్కేలు పడేది. గంట కొట్టగానే పిల్లలు హాస్టల్ వెనక వరండాలోకి పోయి, పొద్దుటి నుంచి దాచుకున్న కబుర్లన్నీ చేతులతో కుమ్మరించుకునేవాళ్లు. ఆ వరండాలో కూర్చుని కూర్చుని నాకూ కొన్ని సైగలు వచ్చాయి. వాళ్లు నా సైగలు చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు, అది వేరే సంగతి.

ఒకరోజు 'పెద్దయ్యాక నేను' అని బొమ్మ వేయమన్నాను. నర్సులు, కండక్టర్లు, పోలీసులు వస్తారనుకున్నాను. కొందరు పిల్లలు ఇంతింత చెవులతో, తెరిచిన నోళ్లతో మనుషుల్ని వేశారు. నాగమణి అని, మైలవరం దగ్గర పల్లెటూరి పిల్ల, పన్నెండేళ్లుంటాయి, హాస్టల్లో అందరికన్నా పెద్దది, క్లాసులో అందరికన్నా చెయ్యి తిరిగినది. అది ఊయలలో పాపను వేసింది, గౌను వేసుకున్న పిల్లను వేసింది, రెండు జడల పిల్లను వేసింది. ఆ తర్వాత కాగితం ఖాళీ. "తర్వాత?" అని సైగ చేశాను. అది అరచేతిని బోర్లా తిప్పి కళ్లు మూసుకుంది. చచ్చిపోవడానికి వాళ్ల సైగ అది.

అలకేమో అనుకుని మిగతా పిల్లల్ని అడిగాను. ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూశారు. పెద్దయితే చెవులు వాటంతటవే తెరుచుకుంటాయని సగంమంది నమ్మకం. తెరుచుకోనివాళ్లు పెద్దవకుండానే పోతారని మిగతా సగంమంది నమ్మకం. ఎందుకు నమ్మరు? పుట్టి బుద్ధెరిగాక ఒక్క చెవిటి పెద్దమనిషిని కూడా వాళ్లు చూసి ఎరగరు. అమ్మకు వినపడుతుంది, నాన్నకు వినపడుతుంది, టీచర్లందరికీ వినపడుతుంది, చివరికి వాచ్‌మన్‌కి కూడా వినపడుతుంది. చెవిటివాళ్లంటే పిల్లలే. చదువైపోయి ఇళ్లకు వెళ్లిన పెద్ద పిల్లలు మళ్లీ కనపడలేదు కాబట్టి అదో రుజువు. నాగమణి చెవులు ఇంకా తెరుచుకోలేదు. తన వంతు వచ్చిందనుకుని ఆ పిల్ల అప్పటికే తన రిబ్బన్లూ రంగు పెన్సిళ్లూ చిన్న పిల్లలకు పంచేసింది. ఎంత మంచి మనసో అని వార్డెన్ మెచ్చుకుంది కూడా.

హెడ్మిస్ట్రెస్‌గారికి చెప్పాను. ఆమె రాక్షసేమీ కాదు. నాగమణిని పిలిచి, గడ్డం పట్టుకుని, తన పెదవులు చూడమని, "నువ్వు... బతుకుతావు" అని నిదానంగా మళ్లీ మళ్లీ చెప్పింది. నాగమణి మర్యాదగా తలూపింది. నేను సైగలతో చెబితే నావైపు జాలిగా చూసింది. నీకు వినపడుతుంది, నీకేం తెలుసు అని ఆ చూపు. అదీ నిజమేగా.

ఇక దీనికి మందు ఒక్కటే, పెరిగి పెద్దయిన చెవిటి మనిషిని ఆ పిల్ల కళ్లముందు నిలబెట్టడం. అలాంటి మనిషి నాకు తెలుసు. మా అక్కావాళ్లది ఉయ్యూరు. ఒకసారి అక్కడికి వెళ్తూ బస్సులోంచి చూశాను, నిచ్చెన మీద నిలబడి ఒకాయన బట్టల కొట్టు బోర్డు రాస్తున్నాడు. వెనక లారీవాడు హారన్ మోగిస్తే వీధి వీధంతా తిరిగి చూసింది, ఆయన తిరగలేదు. కింద ఉన్న ఆవిడ నిచ్చెన పట్టుకుని ఊపితే తిరిగాడు. ఇద్దరి చేతులూ మా వరండాలో పిల్లల చేతుల్లాగే కబుర్లు మొదలుపెట్టాయి. అక్కను అడిగితే, ఆయన బోర్డులు రాసే కరీముల్లాగారు, ఆవిడ ఆయన భార్య షమీమ్ అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఒక ఆదివారం వెళ్లి అడిగాను. ఆ మరుసటి శనివారం పిల్లల్ని తీసుకురమ్మన్నారు.

హెడ్మిస్ట్రెస్‌గారు మాత్రం ముఖం చిట్లించారు. "సుగుణగారూ, ఏళ్ల తరబడి కష్టపడి ఈ పిల్లల నోట నాలుగు ముక్కలు పలికించామండీ. ఆ సైగలవాళ్ల దగ్గర కూర్చుంటే మళ్లీ మొదటికొస్తుంది."

"బోర్డులు రాయడం రేపు కూడు పెట్టే విద్యండీ. చూసొస్తే పోయేదేముంది? నాగమణి సంగతి మీకూ తెలుసు కదా" అన్నాను.

"సరే, పెదవులు చూసుకుంటూ మాటలు పలికే అద్దం, బొమ్మల కార్డులు పట్టుకెళ్లండి. దారిలో ప్రాక్టీసు చేయించండి" అన్నారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ అద్దాన్ని సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రం దాకా అది సంచిలోంచి బయటికి రాలేదు.

పొద్దున్నే భవానీపురం నుంచి సిటీ బస్సులో బస్టాండుకు వచ్చి, ఏడు దాటాక బందరు వెళ్లే ఎర్రబస్సు ఎక్కాం. ఆరుగురు ఆడపిల్లలు, నేను. ఉయ్యూరుకు టికెట్టు నాకు రూపాయి పైచిలుకు, పిల్లలకు అందులో సగం. శనివారం పొద్దున ఆ బస్సులో సీటు దొరకడం కష్టం కాబట్టి పిల్లలు ముందొకరు వెనకొకరు సర్దుకున్నారు. ఇంజను మోతకు పెద్దవాళ్లందరూ పక్క సీటుతో మాట్లాడటానికే గొంతు చించుకుంటుంటే, మావాళ్లు డ్రైవరు వెనక నుంచి చివరి సీటు దాకా హాయిగా కబుర్లాడుకున్నారు.

కండక్టరు కంగారు పడ్డాడు. "ఏంటండీ టీచరుగారూ, పిల్లలు కొట్టుకుంటున్నారా?"

"లేదండీ, తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు ఎవరిదో ఇప్పుడే తేల్చుకుంటున్నారు."

"మావాళ్లూ ఇంత నిశ్శబ్దంగా తేల్చుకుంటే బాగుండునండీ" అని ఆయన టికెట్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కంకిపాడు దాటాక చెరుకు బళ్ల వెనక బస్సు పాక్కుంటూ వెళ్లింది. అది ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలం. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు అరగంట అదనంగా వేసుకోవాలి. ఉయ్యూరు రాకముందే పంచదార ఫ్యాక్టరీ వాసన మొహానికి కొడుతుంది, తియ్యగానూ ఉంటుంది, పులిసినట్టూ ఉంటుంది. పిల్లలు ముక్కులు మూసుకుని ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకున్నారు. నాగమణి మాత్రం కిటికీ పక్క సీటు దానంతటదే అందరిలోకీ చిన్నపిల్లకు ఇచ్చేసి, నా పక్కన బుద్ధిగా కూర్చుంది. ఆ బుద్ధి చూస్తుంటేనే నాకు భయం వేసింది.

బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీలు తిన్నాం. ప్లేటు నలభై పైసలు. "మూగపిల్లలా అండీ? పాపం" అని హోటలాయన ప్రతి ప్లేటులోనూ చట్నీ ఒక గరిటె ఎక్కువ వేశాడు. ఆ 'పాపం' నాకు నచ్చదు గానీ చట్నీ బాగుంది, వద్దనలేదు. ఆయన మీసాలను పిల్లలు అప్పటికే ఒక సైగగా మార్చేసి పంచుకుంటున్నారు.

కరీముల్లాగారి షెడ్డు ఫ్యాక్టరీ రోడ్డులో, బస్టాండు నుంచి పది నిమిషాల నడక. లోపల చెక్కల నేల, గోడకు ఆనించిన సగం బోర్డులు, రంగులు వేయడానికి వచ్చిన ఎద్దుబండి చక్రాలు, టర్పెంటైన్ వాసన. మమ్మల్ని చూడగానే ఆయన చేతులెత్తి పలకరించాడు. వెంటనే ఆరుగురు పిల్లలూ చేతులు వీపు వెనక దాచేసుకుని నావైపు చూశారు. పక్కన టీచరు ఉండగా సైగ చేస్తే ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. కరీముల్లాగారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. సంచి కింద పెట్టి, వచ్చిన సైగలన్నీ కలిపి నేనే మొదలుపెట్టాను: మేము, బెజవాడ, బస్సు, మీ దగ్గర, బొమ్మలు నేర్చుకోవడానికి. బస్సుకు నేను చేసింది బర్రె సైగట. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులో పిల్లల చేతులు బయటికి వచ్చాయి.

కరీముల్లాగారు పేర్లు అడిగాడు. నేను పలక మీద రాయబోతే ఆయన పలక పక్కన పెట్టేశాడు. చెవిటివాళ్లలో పేరంటే అక్షరాలు కాదు, మనిషిని చూడగానే కంటికి ఏది తగులుతుందో అదే పేరు. నుదుట మచ్చ, సొట్టబుగ్గ, వంకర పాపిడి. పిల్లలకు అలాంటి పేర్లు ఉండనే ఉన్నాయి. నాకూ ఒకటి ఉందని ఆరోజే తెలిసింది. ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి చూస్తూ చూపుడువేలు ఆడించడం. ఎన్నేళ్లుగా నడుస్తోందో ఆ పేరు, అడిగితే ఎవరూ చెప్పలేదు.

షమీమ్‌కు వినపడుతుంది. కానీ ఆ ఇంటి కోడలయ్యాక చేతులతోనే ఎక్కువ మాట్లాడుతుంది. "మా అత్తగారి వైపు చెవిటివాళ్లు ఎక్కువండీ. ఈ ఇంట్లో గొంతు పెట్టుకుని అరిచేదాన్ని నేనొక్కదాన్నే" అంది. అందుకే ఆ ఇంట్లో సైగలు తరతరాలుగా ఇంటి భాషలా నడుస్తున్నాయి. గదుల మధ్య తలుపులు లేవు, దీపం మనిషి మొహం మీద పడేలా కట్టారు, పిలవాలంటే కాలితో చెక్క నేలను కొడతారు.

కరీముల్లాగారు పిల్లల్ని అర్ధచంద్రంలా కూర్చోబెట్టాడు, అందరికీ అందరూ కనపడాలి. ఆయన పద్ధతి ఒక్కటే. కుంచె కదులుతుంటే మాట ఆగాలి, మాట కదులుతుంటే కుంచె ఆగాలి. నేల మీద కాలు కొడితే అందరూ కుంచెలు దించి ఆయన్ను చూడాలి. క్లాసులో నేను బోర్డు వైపు తిరిగి గీస్తూ గీస్తూ మాట్లాడేదాన్ని, పిల్లలు పాపం నా పెదవులు చూడాలో కాగితం చూసుకోవాలో తెలియక తికమకపడేవాళ్లు. ఆ పద్ధతిని అక్కడికక్కడే దొంగిలించుకున్నాను. అందరు డ్రాయింగ్ టీచర్లలా చిలకా మామిడికాయా వేయించలేదాయన. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి తప్పించుకుని పారిపోయిన ఎద్దు కథ చెప్పాడు. వేళ్లు కొమ్ములయ్యాయి, మొహం బండివాడయింది, భుజాలు ఎద్దయ్యాయి. చూసింది వేయమన్నాడు. పిల్లలు అంత పెద్ద చేతులు, అంత కోపమున్న ఎద్దులు నా క్లాసులో ఎప్పుడూ వేయలేదు. అయితే నీడలు వేయడం దగ్గర మాకిద్దరికీ చుక్కెదురు. ముఖం మీద ఆ మసేంటని ఆయన, మసి లేకపోతే ముఖం అప్పడంలా ఉంటుందని నేను. ఆ విషయంలో ఇప్పటికీ నాదే రైటు.

నాగమణి మాత్రం కుంచె ముట్టుకోలేదు. ఆయన్నే చూస్తోంది. కాసేపటికి లేచి వెళ్లి ఆయన చెవి చూపించి, తెరుచుకుందా అని అడిగింది. లేదన్నాడు. వెనక్కి వెళ్లి ఆయన చెవి పక్కన చప్పట్లు చరిచింది. ఆయన బోర్డు మీద గీత చెదరలేదు. నాగమణి ముందుకు వచ్చి, ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, అరచెయ్యి బోర్లా తిప్పి, ఎప్పుడు అని అడిగింది.

షమీమ్ గతుక్కుమంది. "ఏమండీ టీచరుగారూ, ఈ పిల్ల మా ఆయన ఎప్పుడు పోతాడని అడుగుతోందేంటండీ! శుభమా అని ఇంటికొచ్చి!"

ఆమెను పక్కకు తీసుకెళ్లి సంగతంతా చెప్పాను. ఆ పిల్ల తన రిబ్బన్లు పంచేసిందని చెప్పేసరికి షమీమ్ కళ్లు తుడుచుకుంది.

"అయ్యో నా తల్లీ. ఉండండి, లోపల పెద్దమ్మ పడుకుంది, లేపుకొస్తా. నిద్రలో లేపితే ఇల్లు పీకి పందిరేస్తుంది, అయినా సరే."

కరీముల్లాగారి తల్లికి అక్క ఖాసింబీ. పుట్టు చెవిటి. ఆమె వయసు ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు. తల పత్తికాయ పగిలినట్టు తెల్లగా ఉంది, నోట్లో పళ్లు లేవు, దవడలో తమలపాకు ఉంది. లేపినందుకు చేతులతో కోడల్ని తిట్టుకుంటూనే వచ్చి నులకమంచం మీద కూర్చుంది. నాగమణి కదలకుండా చూసింది. తర్వాత వెళ్లి రంగు డబ్బా మూతా ఒక ఇనప చువ్వా తెచ్చి, ముసలామె వెనక నిలబడి, శక్తికొద్దీ వాయించింది. షమీమ్ చెవులు మూసుకుంది, నేను ఎగిరిపడ్డాను, గుమ్మంలో మేక పారిపోయింది. ఖాసింబీ తమలపాకు నములుతూనే ఉంది. ఎవరెవరు ఉలిక్కిపడ్డారో నాగమణి ఒక్కొక్కరినీ పరీక్షగా చూసుకుంది.

షమీమ్ అప్పుడు పెద్దమ్మకు పిల్ల భయం సైగలతో చెప్పింది. ముసలామె ముందు నమ్మలేదు, తర్వాత బోసినోరు తెరిచి, పొట్ట కదిలేలా నవ్వింది. నాగమణిని ముందుకు లాగి కూర్చోబెట్టుకుని చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. షమీమ్ నాకోసం పైకి చెప్పింది. "ఏమంటోందంటేనండీ... మా అన్నకి చెవులుండేయి, పోయాడు. మా చెల్లికి చెవులుండేయి, పోయింది. మా ఆయనవి పాము చెవులు, ఆయనా పోయాడు. అన్నీ విని విని వాళ్లంతా పోయారు, ఏమీ వినకుండా నేనే మిగిలా అంటోందండీ."

నాగమణి చెయ్యి చాపి ఆ తెల్లజుట్టు ముట్టుకుంది. నిజమో కాదో చూడటానికి ఒక పాయ పట్టుకుని లాగింది కూడా. ఖాసింబీ చేతి మీద ఒక్కటి వేసింది. అప్పుడు నవ్వింది నాగమణి. ఏడ్చింది నేను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఆ తర్వాత ఆ పిల్ల అర్ధచంద్రంలోకి జొరబడి, మోచేత్తో పక్కవాళ్లను నెట్టి చోటు చేసుకుని, చిన్నపిల్ల చేతిలో కుంచె లాక్కుంది. చిన్నపిల్ల ఊరుకోలేదు, జుట్లు పట్టుకున్నారు. వారాల తర్వాత నాగమణి పడిన మొదటి గొడవ అది. ఆపడానికి వెళ్లిన షమీమ్‌ను నేనే ఆపాను, ఇంకాసేపు పడనివ్వండి అన్నాను. ఆ తర్వాత నాగమణి వేసిన బొమ్మలో ఎద్దుకు ఎదురుగా తెల్లజుట్టు ముసలమ్మ ఉంది, ఎద్దే వెనక్కి తగ్గుతోంది.

షమీమ్ వండిన అన్నం, గోంగూర పచ్చడి, చేపల పులుసు తిని మూడింటికి "ఇక వెళ్లొస్తాం" అన్నాం. చెవిటివాళ్లలో ఆ మాటకు అర్థం, ఇప్పుడు అసలు కబుర్లు మొదలుపెడదామని. గుమ్మం దగ్గర ఒక విడత, వీధి మలుపులో ఇంకో విడత, దూరం నుంచి చేతులెత్తి మరో విడత. ఎంత దూరమైనా మాట కనపడుతూనే ఉంటే ఎవరైనా ఎలా వదులుతారు? అనుకున్న బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకు గంట పట్టేలా ఉంది. బస్టాండు పక్కనే గాజుల కొట్టు కనపడితే, తలా అరడజను గాజులు కొంటానని పిల్లలకు చెప్పాను.

మిగతావాళ్లు రంగులు ఏరుకుని చేతులు చాపారు. నాగమణి మాత్రం పైన వేలాడుతున్న పెద్దవాళ్ల సైజు ఎర్ర గాజులు చూపించింది. కొట్టాయన నవ్వాడు. "అవి మీ టీచరుగారి సైజమ్మా. నీ చేతికి జారిపోతాయి." చిన్నవి తీసి చూపించాడు. అది తల అడ్డంగా తిప్పింది. పెద్దవే తొడుక్కుని చెయ్యి దించింది, గాజులు జారి వేళ్ల దగ్గర ఆగాయి. వాటిని రెండో చేత్తో పట్టుకుని, అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి, భుజం దాకా లేపి, తల దాకా లేపి, మునివేళ్ల మీద నిలబడి నా తల దాటించింది.

"ఏమంటోందండీ?" అన్నాడు కొట్టాయన.

నేను పర్సు తెరిచాను. "అవే ఇవ్వండి. పెరుగుతుందట."

చీకటి పడే వేళకు బెజవాడలో దిగాం. ఆ తర్వాత కరీముల్లాగారు శనివారాలు మా బడికి వచ్చి బొమ్మలు చెప్పడం మొదలుపెట్టాడు. హెడ్మిస్ట్రెస్‌గారు కొన్నాళ్లు గుమ్మంలో నిలబడి చూశారు, కొన్నాళ్లకు కుర్చీ తెప్పించుకుని అర్ధచంద్రం చివర కూర్చున్నారు. ఆమె మాటలు పలికించడం మానలేదు, బొమ్మల గదిలో మేము చేతులు దాచుకోవడం మానేశాం. మంచి కాగితం, మంచి రంగులు ఇస్తే చెవిటి పిల్లలకు మంచి బొమ్మల క్లాసు నడిచినట్టేనని అంతకుముందు నేను గట్టిగా నమ్మేదాన్ని. కాగితమూ రంగులూ కావలసిందే. కానీ తన రేపటి రోజు ఎలా ఉంటుందో చూడని పిల్ల ఆ కాగితం మీద ఏం వేస్తుంది? వాళ్ల భాష, వాళ్ల పేర్లు, వాళ్ల నవ్వులు, వాళ్ల ముసలివాళ్లు కూడా క్లాసులో ఉండాలి. ఇది నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు, ఉయ్యూరులో నేర్చుకున్నాను, ఇప్పటికీ ధైర్యంగా చెబుతాను.

బయలుదేరేవాళ్లకు ఒక్క సలహా. చెవిటి చిత్రకారుడెవరైనా దొరికితే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ఆయన పని చూపించి తిరిగొచ్చేయకండి. ఇంట్లో అందరికన్నా ముసలి చెవిటి మనిషి ఎవరని అడగండి. నిద్రపోతుంటే లేపించండి, తిడితే పడండి.